తుపాను దాటింది, భయం దాటలేదు: విశ్వాసులు అడిగే ప్రశ్నలు

2014 అక్టోబరు 12 ఆదివారం. మామూలుగా ఐతే ఆ వేళకి మందిరంలో రెండో పాట పాడుతూ ఉండాలి. ఆ రోజు మాత్రం విశాఖపట్నం మద్దిలపాలెంలో, మా ఇంటి మధ్య గదిలో, మంచం పరుపును కిటికీకి అడ్డంగా పట్టుకుని నిలబడి ఉన్నాం. మధ్యాహ్నం పన్నెండూ ఒంటిగంట మధ్య హుద్‌హుద్ తుపాను తీరం దాటింది. ఆ తర్వాత ఏడాది పొడుగునా మా సంఘంలో స్త్రీల కూడికలోనూ సండే స్కూల్లోనూ జనం నన్ను అడిగిన ప్రశ్నలను ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. తర్వాత వచ్చిన ప్రతి తుపానుకీ, 2024 సెప్టెంబరులో విజయవాడను బుడమేరు వాగు ముంచినప్పుడూ, చుట్టాలు ఫోన్ చేసి మళ్లీ అవే అడిగారు. అందుకే ఇక్కడ ఒక చోట పెడుతున్నాను. నేను పాస్టరును కాను, వేదాంతం చదువుకోలేదు. ముప్పై ఏళ్లుగా సండే స్కూల్ టీచరును, తుపాను చూసినదాన్ని.

నెల దాటింది. ఐనా గాలి కాస్త గట్టిగా వీస్తే గుండె దడదడలాడుతోంది. నా విశ్వాసం తక్కువా?

కాదు. ఎక్కువ మంది అడిగింది ఇదే, అదీ అందరూ వెళ్లిపోయాక గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి.

నా సంగతే చెబుతాను. హుద్‌హుద్ కన్ను మా ఊరి మీదుగా వెళ్లింది. పొద్దుటి నుంచి విరుచుకుపడిన గాలి ఒక్కసారి ఆగిపోయింది. ప్రార్థన ఫలించిందనుకుని వీధిలోకి వచ్చాం, పక్కింటివాళ్లతో మాట్లాడాం కూడా. కాసేపటికి అదే గాలి రెండో వైపు నుంచి మొదలైంది. మొదటిసారి తట్టుకున్న కిటికీలు రెండోసారికి పగిలాయి. ఆ తర్వాత దాదాపు ఆరు నెలల పాటు నాకు గాలి అంటే అంత భయం వేయలేదు, గాలి ఆగితేనే వేసేది. మంచం పక్కన చెప్పులూ టార్చిలైటూ లేకుండా నిద్రపట్టేది కాదు. ఆ ఆరు నెలల్లో ఒక్క ఆదివారం కూడా మందిరం మానలేదు. రెండూ ఒకే మనిషిలో ఉండగలవు.

మార్కు సువార్త 4వ అధ్యాయంలో దోనెలో ఉన్నవాళ్లలో కొందరు పుట్టు జాలరులు. గలిలయ సముద్రం వాళ్లకు కొత్త కాదు. వాళ్లే హడలిపోయి, అమరం దగ్గర తలగడ మీద నిద్రపోతున్న ప్రభువును లేపి, “మేము నశించిపోవుచున్నాము, నీకు చింతలేదా” అన్నారు. ఆయన లేచి ముందు గాలిని గద్దించాడు. “మీరెందుకు భయపడుచున్నారు” అని అడిగింది ఆ తర్వాత. మత్తయిలో ఈ వరుస తిరగబడి ఉంటుంది, అది నాకు తెలుసు. ఐనా రెండింటిలోనూ ఒక సంగతి మారదు: భయపడ్డారని ఆయన వాళ్లను నీళ్లలో వదిలేయలేదు.

ఏలీయాను చూడండి. కర్మెలు కొండ మీద అగ్ని దిగిరావడం చూసిన ప్రవక్త. ఆ వెంటనే యెజెబెలు రాణికి భయపడి పారిపోయి, బదరీవృక్షం కింద పడుకుని, చావు కోరుకున్నాడు. దేవుడు పంపిన దూత అతనికి వాక్యోపదేశం చెయ్యలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, ఒక బుడ్డి నీళ్లు పెట్టాడు. తిని పడుకున్నాడు. మళ్లీ లేపి మళ్లీ తినిపించాడు. మాటలు హోరేబు కొండ మీద, నలభై రోజుల తర్వాత. నిద్ర లేక, వేళకు తిండి లేక నెల రోజులుగా ఇల్లు బాగు చేసుకుంటున్న మీకు ఈరోజు కావలసింది బహుశా ఆ మొదటి భాగమే.

ఈ తుపానును దేవుడే పంపాడా? మా పాపాల వల్లా?

సగం ఊరు ఇలాగే అంటుంది. కొన్ని ప్రసంగ వేదికలు కూడా.

బంగాళాఖాతంలో తుపాను ఎలా పుడుతుందో హైస్కూలు పిల్లలు కూడా చెబుతారు. నైరుతి రుతుపవనాలు వెనక్కి మళ్లే అక్టోబరు, నవంబరు నెలల్లో సముద్రం పైనీరు ఇరవై ఆరు, ఇరవై ఏడు డిగ్రీలు దాటి వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చటి తేమ పైకి లేస్తుంది, కింద పీడనం పడిపోతుంది, చుట్టూ ఉన్న గాలి లోపలికి దూసుకువస్తుంది, భూమి తిరగడం వల్ల ఆ గాలి సుడి తిరుగుతుంది. తీరం పల్లంగా, సముద్రం లోతు తక్కువగా ఉన్న చోట నీరు ఉప్పెనగా లేస్తుంది. దివిసీమ కృష్ణానది పాయల మధ్య ఉన్న లంక. సముద్రానికి అరచేయి ఎత్తులో ఉంటుంది. 1977లో ఉప్పెన ముంచిన అక్కడి మనుషులు పక్క తాలూకా వాళ్లకంటే పాపులు కారు. వాళ్ల నేల పల్లం, అంతే.

“మరి యోనా మాటేమిటి? ‘యెహోవా సముద్రముమీద పెద్ద గాలి పుట్టింపగా’ అని రాసి ఉంది కదా” అని మా కూడికలో ఒకావిడ గట్టిగా నిలదీసింది. నిజమే, రాసి ఉంది. దాన్ని నేను దాటవేయను. ఐతే ఆ తుపాను తన కోసం వచ్చిందని చెప్పింది యోనాయే, తన నోటితో, తన గురించి. ఒకడి ఇల్లు కూలితే పక్కవాడు వచ్చి “ఇది నీ పాపం” అనే అధికారం ఆ పుస్తకం ఎవరికీ ఇవ్వలేదు. ఆ పని చేసినవాళ్లు యోబు స్నేహితులు. యోబు పిల్లల మీద ఇల్లు కూలింది కూడా ఎడారి వైపు నుంచి వచ్చిన పెనుగాలికే. చివరి అధ్యాయంలో దేవుడు కోపగించింది ఆ స్నేహితుల మీద.

ప్రభువును సూటిగా ఇదే అడిగిన సందర్భం లూకా 13లో ఉంది. సిలోయములోని గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయారు. వాళ్లు యెరూషలేములో మిగతా అందరికంటే అపరాధులనుకుంటున్నారా అని ఆయనే అడిగి, ఆయనే “కారని మీతో చెప్పుచున్నాను” అన్నాడు. ఆ వెంటనే మారుమనస్సు గురించి మాట్లాడాడు, అదీ నిజమే. కానీ ఆ మాట అన్నది చచ్చినవాళ్ల గురించి కాదు, వింటున్నవాళ్లతో.

తుపానుకు పెట్టిన పేరులో ఏమైనా సంకేతం ఉంటుందా?

ఉండదు. హిందూ మహాసముద్రం ఉత్తర భాగం చుట్టూ ఉన్న దేశాలు ముందే పేర్లు ఇచ్చి పట్టిక తయారుచేసి పెడతాయి, తుపాను వచ్చినప్పుడు వరుసలో ఉన్న పేరు పెడతారు. హుద్‌హుద్ ఒమన్ ఇచ్చిన పేరు, ఒక పిట్ట. తలమీద కిరీటంలాంటి తురాయి ఉంటుంది. మన బైబిల్లో లేవీయకాండము 11వ అధ్యాయంలో తినకూడని పక్షుల వరుసలో కూకుడు గువ్వ అని ఉన్నది అదే. ఈ ముక్క తెలిసిన ఒక కుర్రాడు “చూశారా, అపవిత్రమైన పక్షి!” అని వాట్సాప్‌లో తిప్పాడు. 2018లో శ్రీకాకుళం కొబ్బరితోటలను పడగొట్టిన తిత్లీకి అర్థం సీతాకోకచిలుక. దానికేం చెబుతాడో అడగాలనుకుని ఊరుకున్నాను.

మా ఇంట్లో అందరం బతికాం. సాక్ష్యం చెప్పాలని ఉంది. కానీ వెనక వరుసలో కూర్చున్న కుటుంబం మనిషిని పోగొట్టుకుంది. ఎలా చెప్పాలి?

ఈ ప్రశ్న మీకు తట్టిందంటేనే మీరు జాగ్రత్తగా చెబుతారు. తట్టనివాళ్లతోనే ఇబ్బంది.

మా అమ్మ పుట్టిల్లు నాగాయలంక దగ్గర. 1977 నవంబరు 19, శనివారం. ఆ సాయంత్రం దివిసీమ మీదికి ఐదు మీటర్ల ఎత్తున ఉప్పెన వచ్చింది. సొర్లగొంది లాంటి ఊళ్లు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. పోయినవాళ్లు పది వేలకు పైనే. మా అమ్మమ్మ తాటిచెట్టుకు చీరతో తనను తాను కట్టుకుని తెల్లవార్లూ ఉంది. కిందికి దిగేసరికి వాళ్ల పేట లేదు, పాకలు లేవు, గొడ్లు లేవు. ఆవిడ సొంత చెల్లెలు బతికింది, చెల్లెలి ఇద్దరు పిల్లలూ పోయారు.

అమ్మమ్మ మంచి ప్రార్థనపరురాలు. సంఘంలో సాక్ష్యం చెప్పమంటే వెనక్కి తగ్గే మనిషి కాదు. కానీ నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆవిడ పోయేదాకా “దేవుడు నన్ను కాపాడాడు” అనే మాట చెల్లెలి ఎదుట ఒక్కసారి కూడా అనగా వినలేదు. “నన్ను మిగిల్చాడు” అనేది. చిన్నప్పుడు ఆ రెండు మాటలకీ తేడా తెలిసేది కాదు. కాపాడాడు అంటే పక్కవాళ్లను కాపాడలేదన్న లెక్క దాని వెనకే వస్తుంది. మిగిల్చాడు అంటే ఎందుకు మిగిల్చాడో తెలియదు, మిగిలినందుకు చెయ్యాల్సిన పని ఏదో ఉంది అన్నట్టు వినిపిస్తుంది. ఆవిడ చేసిన పని ఏమిటంటే, చెల్లెల్ని తన ఇంట్లోనే పెట్టుకుంది, చివరిదాకా.

మీరూ కృతజ్ఞత చెప్పండి. మేము ఎక్కువ ప్రార్థించాం గనుక బతికాం అని మాత్రం చెప్పొద్దు. వెనక వరుసలో ఉన్నవాళ్లూ ప్రార్థించారు. కొంతమంది సాక్ష్యాన్ని నెల రెండు నెలలు వాయిదా వేసుకుని, ఈలోగా ఆ కుటుంబానికి వంట చేసి పంపారు. అది కూడా సాక్ష్యమే అని వాళ్లు అనలేదు, నేను అంటున్నాను.

మేము 91వ కీర్తన చదువుతూనే ఉన్నాం. ఐనా ఇంటి కప్పు లేచిపోయింది. వాక్యం తప్పా?

సాతాను ప్రభువుకు ఎత్తి చూపించిన వాక్యం ఏదో గుర్తుందా? మత్తయి 4లో, దేవాలయ శిఖరం మీద నిలబెట్టి చెప్పింది ఈ 91వ కీర్తనలోని మాటే, దూతలు నిన్ను ఎత్తుకుంటారు, దూకు అని. ప్రభువు ఆ కీర్తనను కాదనలేదు, కానీ దాన్ని పూచీకత్తు కాగితంలా వాడటానికి ఒప్పుకోలేదు. “ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదు” అన్నాడు. ఆయన ఆ రోజు దూకలేదు. తర్వాత ఒక రోజు సిలువ మీదికి ఎక్కాడు, అప్పుడు దూతలెవరూ వచ్చి దింపలేదు. ఆ కీర్తనను ఆ చివరి రోజుతో కలిపి చదివితేనే నాకు మింగుడుపడుతుంది.

భయం వేసిన రాత్రి చదవడానికి నేనైతే 46వ కీర్తన ఇస్తాను. అందులో కొండలు కదలవని ఎక్కడా లేదు. నడిసముద్రంలో పర్వతాలు మునుగుతాయి, జలాలు ఘోషిస్తాయి, నురుగు కడతాయి, అన్నీ జరుగుతాయి. “ఆపత్కాలములో ఆయన నమ్ముకొనదగిన సహాయకుడు” అన్న మాట ఆ మునకల మధ్యే ఉంది.

తుపాను షెల్టరుకు వెళ్లడం అవిశ్వాసమా? మా పెద్దాయన ‘దేవుడున్నాడు, నేను కదలను’ అంటున్నాడు.

కదిలించండి. బతిమాలి, కుదరకపోతే కోప్పడి అయినా సరే.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం ఆ పెద్దాయనకు చదివి వినిపించండి. కాలం మించిపోయింది, ఈ ఓడ ప్రయాణం ప్రమాదం అని పౌలు ముందే చెప్పాడు. సైనికుల అధికారి ఐన శతాధిపతి, నావికుడూ ఓడ యజమానీ చెప్పిందే విన్నాడు గానీ పౌలు మాట వినలేదు. ఊరకులోను అనే పెనుగాలి కొట్టింది. పద్నాలుగు రోజులు. ఎవరి ప్రాణానికీ నష్టం ఉండదని దేవుని దూత పౌలుకు మాట ఇచ్చాడు. మాట వచ్చింది కదా అని పౌలు చేతులు కట్టుకుని కూర్చోలేదు. లంగర్లు వేసిన నావికులు పడవలో పారిపోబోతే వాళ్లు ఓడలో లేకపోతే మీరు బతకరని సైనికులతో చెప్పాడు. జనాన్ని కూర్చోబెట్టి రొట్టె తినిపించాడు. చివరికి 276 మంది, ఈత వచ్చినవాళ్లు ఈదుతూ, రానివాళ్లు పలకలు పట్టుకుని ఒడ్డుకు చేరారు. దేవుడి మాట నెరవేరింది పలకల మీదే.

1977లో పది వేలకు పైగా పోయారు. 2014లో గంటకు 170, 180 కిలోమీటర్ల గాలి ఒక మహానగరాన్ని కొట్టినా పోయినవాళ్ల లెక్క పదుల్లోనే ఉంది. రెండు తుపాన్లూ ఒకలాంటివి కావు, ఉప్పెన ఎత్తులో చాలా తేడా ఉంది, ఒప్పుకుంటాను. కానీ మధ్యలో వచ్చిన మార్పు కూడా చిన్నది కాదు: ముందస్తు హెచ్చరికలు, తీరం పొడుగునా షెల్టర్లు, ఊళ్లు ఖాళీ చేయించడం. ఆ హెచ్చరిక పంపేవాళ్ల కోసం ప్రార్థన చేసే సంఘం నాకు ఒక్కటే తెలుసు.

ప్రార్థనకు కూర్చుంటే నోట మాట రావడం లేదు.

రాకపోతే మానండి, కూర్చోవడం మాత్రం మానకండి. “ఉచ్చరింపశక్యము కాని మూలుగులతో” ఆత్మే విజ్ఞాపన చేస్తాడని రోమా 8లో ఉంది. పైన కొన్ని వచనాల ముందే సృష్టి అంతా మూలుగుతోందని రాశాడు పౌలు. తుపాను రాత్రి ఆ మూలుగును చెవులారా విన్నవాళ్లం మనం.

సొంత మాటలు దొరకనప్పుడు అరువు తెచ్చుకోవచ్చు. దావీదు మాటలున్నాయి. “యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?” అనే 13వ కీర్తన ఆరే వచనాలు, నిద్రకు ముందు పైకి చదవండి. 88వ కీర్తన ఇంకా చీకటి, చివరిదాకా వెలుగు రాదు. అలాంటిది కూడా బైబిల్లో ఉంచారంటే అలాంటి రాత్రులు ఉంటాయని తెలిసే ఉంచారు. మన సంఘాల్లో స్తుతి కీర్తనలు బాగా పాడతాం, విలాప కీర్తనలు దాటేస్తాం. ఆ లోటు తుపాను తర్వాత తెలుస్తుంది.

దేవుడి మీద కోపంగా ఉంది. పాపమా?

ఆయన దగ్గరే చెప్పండి. ఊరంతా చెప్పి ఆయనకు చెప్పకపోవడం కంటే అది మేలు. యిర్మీయా చెప్పాడు, యోబు చెప్పాడు, దోనెలో శిష్యులు చెప్పారు.

నష్టపోయిన ఇంటికి వెళ్తే ఏం మాట్లాడాలి?

తక్కువ. యోబు స్నేహితులను తిడుతూ ఉంటాం గానీ, మొదటి ఏడు రోజులు వాళ్లు చేసింది సరిగ్గానే ఉంది. నేల మీద కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. నోరు విప్పాకే చెడింది.

హుద్‌హుద్ తర్వాత వారం రోజులు కరెంటు లేదు, ఫోన్లు లేవు. పాల ప్యాకెట్టు కోసం పొద్దున్నే లైనులో నిలబడ్డాం. కొండల మీద చెట్లన్నీ ఆకు రాలి, మిగిలినవి నిప్పు తగిలినట్టు మాడిపోయి ఉన్నాయి. ఆ వారంలో మా ఇంటికి వచ్చినవాళ్లలో ఇద్దరు గుర్తున్నారు. ఒకాయన బైబిలు తెరిచి ముప్పావుగంట మాట్లాడాడు. మేము నిలబడే ఉన్నాం, ఎందుకంటే కూర్చునే చోటంతా గాజుపెంకులు. ఇంకొకావిడ, వాళ్లది ఏ మందిరమో కూడా నాకు తెలియదు, చీపురూ బస్తా పట్టుకుని వచ్చి “అక్కా, పెంకులు ఎత్తుదాం” అంది. ఎత్తాక బిందెడు నీళ్లు పెట్టి వెళ్లింది. లాజరు సమాధి దగ్గర ప్రభువు ఏం చేయబోతున్నాడో ఆయనకు తెలుసు. ఐనా ముందు “యేసు కన్నీళ్లు విడిచెను.” ఆయనకే అంత తొందర లేనప్పుడు మనకెందుకు?

అనకూడని మాటలు కొన్ని ఉన్నాయి. నేనూ ఒకప్పుడు అన్నాను, సిగ్గుపడుతున్నాను. “దేవుడు తనకు నచ్చిన పువ్వునే ముందు కోసుకుంటాడు.” బిడ్డను పోగొట్టుకున్న తల్లి నాతో తర్వాత అంది, “మరి ఆయన తోటలో పూలు లేవా టీచరమ్మా?” అని. జవాబు చెప్పలేకపోయాను. “అన్నీ మేలుకే” అనే మాట రోమా 8:28లో ఉంది, కానీ అది పౌలు తన కష్టాల మీద నిలబడి చెప్పిన మాట. ఎదుటివాళ్ల కష్టం మీద నిలబడి మనం చెబితే అర్థం మారిపోతుంది. “ఇంకా నయం” అనే మాట కూడా వద్దు.

ఏం అనాలో తెలియకపోతే పేరు పెట్టి పిలిచి, “తిన్నారా?” అని అడగండి. మన భాషలో అంతకంటే మంచి పలకరింపు నాకు తెలియదు.

పిల్లలు వాన పడితే ఏడుస్తున్నారు. ఏం చెప్పాలి?

“ఇంకెప్పుడూ తుపాను రాదు” అని మాత్రం చెప్పొద్దు. వస్తుంది. వచ్చినప్పుడు మీ మాటతో పాటు దేవుడి మాట మీద కూడా నమ్మకం పోతుంది. “వస్తే ముందే తెలుస్తుంది, మనం అందరం కలిసి గట్టి బిల్డింగుకు వెళ్లిపోతాం, అమ్మ చెయ్యి వదలదు” అని చెప్పండి. మా సండే స్కూల్లో ఒక నెల పాఠాలు ఆపేసి బొమ్మలు వేయించాను. మొదటి వారం అందరూ నల్లగా సుడులు గీశారు. ఒక పిల్లాడు మూడు వారాలు వరసగా వాళ్ల కోడినే గీశాడు. కోడి దొరకలేదట. ఆ కోడి కోసం క్లాసంతా ప్రార్థన చేశాం. పెద్దవాళ్లకు నవ్వు వచ్చింది, పిల్లలకు రాలేదు.

నోవహు కథ కొన్నాళ్లు పక్కన పెట్టండి. రంగుల బొమ్మల్లో జంతువులు ముచ్చటగా ఉంటాయి గానీ, నీళ్లు ఇంట్లోకి రావడం చూసిన పిల్లలు ఓడలో లేనివాళ్ల గురించి అడుగుతారు. విజయవాడ సింగ్‌నగర్‌లో మా తమ్ముడి కూతురు అడిగింది. ఇంద్రధనుస్సు గురించిన వాగ్దానం చెప్పడానికి టైము వస్తుంది.

రాత్రి పడుకునే ముందు ఒకే పాట, ఒకే చిన్న ప్రార్థన, రోజూ అదే వేళకు. పిల్లలకు ధైర్యం వచ్చేది ఎక్కువగా ఆ అలవాటులోంచే.

ఇవి అంత్యదినాల సూచనలు కావా?

1864 నవంబరులో బందరును ఉప్పెన ముంచి దాదాపు 30 వేల మందిని తీసుకుపోయింది. అంతకు ముందు 1839లో కోరంగి. అప్పటివాళ్లూ ఇదే అనుకుని ఉంటారు. మత్తయి 24లో భూకంపాల గురించి చెప్పే ముందే “కలవరపడకుండ చూచుకొనుడి” అని ఉంది, ఆ దినం ఎవరికీ తెలియదని కూడా ఉంది. తారీఖులు లెక్కగట్టి భయపెట్టేవాళ్ల వీడియోలు తుపాను తర్వాత ఎక్కువ తిరుగుతాయి. ఇంట్లో భయపడుతున్న మనిషి ఉంటే అవి పెట్టకండి.

పొరుగువాళ్లు వేరే మతం వాళ్లు. బియ్యం పంచుతూ సువార్త చెప్పవచ్చా?

నా అభిప్రాయం కొందరికి నచ్చదు. ఆకలితో ఉన్న మనిషి చేతిలో బియ్యం పెట్టి కరపత్రం కూడా పెడితే, ఆ కరపత్రం బియ్యానికి వెల అవుతుంది. మంచి సమరయుడు గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించాడు, పూటకూళ్లవాడికి రెండు దేనారములు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానన్నాడు. అంతే. నువ్వెవరివి, ఎవరిని కొలుస్తావు అని అడగలేదు. వాళ్లంతట వాళ్లు మీరెందుకు వచ్చారని అడిగితే చెప్పండి, దాచాల్సిన పని లేదు.

ఇంకో సంగతి. మా వీధిలో మొదట వచ్చిన అన్నం గుడి దగ్గర వండింది. తీసుకోవడానికి మాలో ఒకరిద్దరు వెనకాడారు. నేను రెండుసార్లు పెట్టించుకున్నాను.

డాక్టరు దగ్గరికి వెళ్లాలా? ప్రార్థన చాలదా?

మొదటి కొన్ని వారాలు నిద్ర పట్టకపోవడం, ఉలికిపడటం, ఊరికే ఏడుపు రావడం అందరికీ ఉంటుంది. చాలామందికి మెల్లగా తగ్గిపోతుంది. నెల దాటినా తగ్గకపోతే, అదే దృశ్యం పదేపదే కళ్ల ముందుకొస్తుంటే, పనికి వెళ్లలేకపోతుంటే, మద్యం తాగడం పెరిగితే, డాక్టరుకు చూపించాలి. చచ్చిపోవాలనిపిస్తోంది అని ఎవరైనా అంటే నెల దాకా ఆగొద్దు, ఆ రోజే. టెలీ మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్ నంబరు 14416, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. విశాఖలో చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ పేరు చెబితే ఇప్పటికీ జనం ముఖం తిప్పుకుంటారు, అది వాళ్ల అజ్ఞానం.

సువార్త రాసిన లూకాను పౌలు “ప్రియుడైన వైద్యుడు” అని పిలిచాడు. పౌలు ఆయన్ను వెంటబెట్టుకుని తిరిగాడు. మధుమేహానికి మాత్ర వేసుకుని కూడికకు వచ్చేవాళ్లు నిద్రకు మాత్ర వేసుకుంటే విశ్వాసం తగ్గిందని ఎందుకనుకుంటారో నాకు అర్థం కాదు.

మందిరం రేకులు ఎగిరిపోయాయి. ఆరాధన ఎక్కడ చేసుకోవాలి?

టార్పాలిన్ కింద. మేము నాలుగు వారాలు అలాగే చేశాం. మైకు లేకపోవడంతో పాట బాగా వినిపించింది. ముందు సభ్యుల ఇళ్ల కప్పులు, తర్వాతే మందిరం కప్పు అని పెద్దలు తీర్మానం చేశారు. కొందరు అలిగారు.

ఏడాది తిరిగి ఆ తారీఖు వస్తోంది. మళ్లీ భయం మొదలైంది.

వస్తుంది. ఒంటికి కేలండరు తెలుసు. ఆ రోజును మామూలు రోజులా గడపాలని పట్టుబట్టకండి. ఒక్కరే ఉండకండి.

దివిసీమలో మా అమ్మమ్మ వాళ్ల సంఘంలో నవంబరు 19 సాయంత్రం కూడిక పెట్టేవారు. ప్రసంగం ఉండేది కాదు. పెద్దావిడ ఒకరు లేచి పోయినవాళ్ల పేర్లు చదివేది, ఇంటింటి వారీగా. చిన్నపిల్లలకు ఇంకా పేరు పెట్టని ఇళ్లుంటే “ఫలానా వారి బిడ్డ” అనేది. ఒక్కో పేరుకీ ఆ ఇంటివాళ్లు ఎవరైనా మిగిలి ఉంటే నిలబడేవారు. ఎవరూ మిగలని పేరు వస్తే మొత్తం సంఘం నిలబడేది. చదవడం అయ్యేసరికి చీకటి పడేది. అప్పుడు 46వ కీర్తన, ఒక పాట, తర్వాత అందరికీ టీ. అమ్మమ్మ చెల్లెలు ఆ టీ పంచేది, ప్రతి ఏడూ ఆవిడే.